బోయీలు మోసిన మాట

అన్నేళ్ళ తరువాత పైడిరత్నం పలికిన మొదటి మాట, "ఫ్యానాపవే గుంటా, చలి."

ఆ మాట కోసం పరిశోధన సంస్థ మూడో అంతస్తులో, కిటికీలోంచి సముద్రం కనబడే గదిలో, నలుగురు ఊపిరి బిగబట్టుకుని నిలబడి ఉన్నారు. సంస్థ పెద్ద డాక్టర్ కృపానందం, ఆయన దగ్గర పనిచేసే కుర్ర డాక్టరు, నర్సు, మంచం పక్కన పైడిరత్నం చెల్లెలు హేమసుందరి. దేవుడి పేరో, చెల్లెలి పేరో, కనీసం ఒక మూలుగో వస్తుందని ఎదురుచూశారు గాని ఫ్యాను సంగతి ఎవరికీ తోచలేదు. హేమసుందరి పరుగున వెళ్ళి స్విచ్చి నొక్కింది. రెక్కలు పూర్తిగా ఆగేదాకా పైడిరత్నం వాటినే చూసింది.

"అమ్మయ్య," అంది. గొంతు ఎండిపోయి గీరుకున్నట్టుంది. "ఇంట్లోనూ ఇదే గోల. వాన లేదు, చలి లేదు, నా నెత్తి మీద ఒకటే తిరగడం. ఆపమని ఎవలికి చెప్పడం?"

నర్సు పకపకా నవ్వింది. కృపానందం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. హేమసుందరికి మాత్రం నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. అప్పకు ఉక్కపోస్తుందేమోనని నిద్రలోంచి లేచి మరీ ఆ ఫ్యాను పెంచిన మనిషి తాను.

పైడిరత్నం విజయనగరం డిపోలో బస్సు కండక్టరుగా పనిచేసేది. నోరున్న మనిషి. ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్ళకూ, టిక్కెట్టు తీయకుండా నిద్ర నటించే పెద్దమనుషులకూ ఆమె అంటే హడల్. ఒకరోజు బస్సు బొబ్బిలి దాటాక చిల్లర ఇవ్వబోయిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. తీసుకోవలసిన ముసలమ్మ "ఇవ్వమ్మా, ఇవ్వు" అని అడుగుతూనే ఉంది. ఆ చెయ్యి కిందికి దిగలేదు. ఆ తరువాత కాళ్ళు, మెడ, చివరికి నాలుక. కళ్ళు తెరిచే ఉండేవి. నోట్లో ముద్ద పెడితే మింగేది. అంతకుమించి ఏమీ లేదు. మెదడు అడుగున, చాలా లోతులో, గోరంత చోట కణాలు పని మానేశాయని డాక్టర్లు తేల్చారు. భర్త పోయి, పిల్లలు లేని అప్పను హేమసుందరి విశాఖపట్నంలో తన ఇంటికి తెచ్చుకుంది. ఆమెకూ వేరే సంసారం లేదు. ముసలి తల్లీ అప్పటికి ఆ ఇంట్లోనే ఉండేది.

ఆ కణాలను తిరిగి లేపే మందు అప్పటికే ఉంది. గాజుపళ్ళెంలో పెంచిన కణాల మీద చుక్క వేస్తే చక్కగా పనిచేసేది. మనిషికిస్తే మాత్రం గుణం లేదు. మెదడు చుట్టూ రక్తనాళాలకు ఒక గోడ ఉంటుంది. చక్కెర వస్తే లోపలికి రానిస్తుంది, ప్రాణవాయువు వస్తే రానిస్తుంది, మందు వస్తే గుమ్మంలోనే ఆపేస్తుంది. ఆ సంస్థలోనే పరిశోధకురాలైన హేమసుందరి జీవితంలో మంచికాలమంతా ఆ గోడ ముందే గడిచింది. చివరికి ఆమె బృందం కంటికి కనబడనంత చిన్న వాహకాలను తయారు చేసింది. పైన చక్కెర వేషం, కడుపులో మందు కూర్చునే చోటు. వేషం చూసి గోడ దారి ఇస్తుంది. లోపలికి పోయి మందును దించి, మళ్ళీ రక్తంలోకి వచ్చి, తరువాతి మాత్ర కోసం కాచుకుంటాయి. అరిగిపోవు, కరిగిపోవు. ఒక్కసారి ఒంట్లోకి ఎక్కిస్తే చాలు. ప్రయోగశాలలో అందరూ వాటిని బోయీలు అనేవారు. పల్లకీ దించి, మరో పల్లకీ కోసం అరుగు మీద కూర్చునే బోయీలు.

వాటితో ఒకటే చిక్కు. ఖాళీగా ఉన్న బోయీ ఊరుకోదు. ఆ చోటులో పట్టే మందు ఏది తగిలినా ఎత్తుకుని మెదడులోకి పోతుంది. రోగుల నోటి తడిలో కూడా ఒకటీ అరా బోయీలు కనబడ్డాయి. అవి ఇంకొకరి ఒంట్లోకి చేరి, ఆ మనిషి వేరే జబ్బుకు వేసుకునే మాత్రను మోసుకుపోతే? అందుకని ప్రయోగంలో చేరిన పాతిక కుటుంబాలనూ కూర్చోబెట్టి హేమసుందరే స్వయంగా చెప్పింది. రోగి కంచంలో తినకండి. రోగి తాగిన గ్లాసులో తాగకండి. పిల్లలకు ముద్దులు పెట్టనివ్వకండి. ఒక్కమాటలో, ఎంగిలి వద్దు. అందరూ బుద్ధిగా తల ఊపారు. ఎంగిలంటే ఏమిటో ఒకరు చెప్పాలా?

పైడిరత్నం ఇంటికి వచ్చాక ఆ ఇంట్లో కంచాలు వేరు, గ్లాసులు వేరు, మంచినీళ్ళ సీసాలు వేరు. హేమసుందరి వాటికి ఎర్రదారం కట్టింది.

"నాకేటి, దిష్టి తీసినట్టు కట్టినావు," అనేది పైడిరత్నం.

ఆమె మాట ఆగేది కాదు. లేస్తూనే మాట. పాలవాడితో, లిఫ్టుతో, బీరకాయతో, ఎవరూ లేకపోతే తన మోకాళ్ళతో. "లెగండర్రా, ఇన్నాళ్ళు కూకున్నారు చాలదేటి," అని వాటిని తిట్టుకుంటూ నడక నేర్చుకుంది. కొద్దివారాలకే బస్సుకాంప్లెక్సుకు వెళదామని పేచీ పెట్టింది. అక్కడ విజయనగరం బస్సులు ఆగేచోట పాత స్నేహితురాలు ఒకామె, ఇప్పుడు కంట్రోలరు, ఈమెను చూసి పని వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"ఓలమ్మ, రత్నాలప్పా! బతికే ఉన్నావేటి!"

"చచ్చిపోతే నీ దగ్గరకెందుకొస్తాను, యముడి దగ్గర డ్యూటీ ఎక్కుదును గాని!"

బల్ల మీద కూర్చుని ఇద్దరూ డిపో పుట్టినప్పటి కబుర్లన్నీ చెప్పుకున్నారు. హేమసుందరి పక్కన కూర్చుని వింటూ ఉంది. తన అప్ప తనకు తెలియని వందమందికి తెలుసునని ఆమెకు అప్పుడే తట్టింది. తిరిగి వస్తూ పైడిరత్నం దారిలో మిఠాయిబండి దగ్గర, గట్టి పాకంతో చేసిన బెల్లంజీడి కొంది. రాయిలా ఉంది. చేత్తో విరిచి చూసింది, విరగలేదు. చప్పున పమిటచెంగు దాని మీద కప్పి, గుడ్డ మీదుగా పటుక్కున కొరికి, విరిగిన ముక్క చెల్లెలి నోటికి అందించింది.

హేమసుందరి నోరు తెరిచింది. చిన్నప్పుడు బడి గంటకు ముందు జామకాయైనా, జీడైనా, రేగువడియమైనా అప్ప అలాగే కొరికి పెట్టేది. గుడ్డ అడ్డం ఉంది గనక అది కాకెంగిలి. కాకెంగిలి ఎంగిలి కాదు. ఆ సంగతి ఆమెకు అక్షరాలు రాకముందే వచ్చు. నోట్లో బెల్లం కరిగి గొంతులోకి దిగుతుంటే ఆమెకు శాస్త్రం గుర్తుకు రాలేదు, ఎర్రదారం గుర్తుకు రాలేదు. అప్ప చెయ్యి కదిలిందన్న సంగతి తప్ప మరేదీ గుర్తుకు రాలేదు. ఆపైన వాళ్ళు ఎన్నిసార్లు బయటికి వెళ్ళినా అదే వరస. ఇంట్లో కంచాలు మాత్రం వేరు వేరుగానే తోమేవారు.

మెదడు గోడనే దాటేలా చేసిన వస్తువుకు నూలుచీర ఒక అడ్డమా?

మొదట హేమసుందరికి నిద్ర ఎక్కువయింది. సమావేశాల్లో కళ్ళు మూతలు పడేవి. తరువాత మాట ఆలస్యంగా రాసాగింది. చెప్పవలసింది ఎదురుగా కనబడుతూనే ఉండేది, నాలుక దాకా వచ్చేసరికి ఎవరో వెనక్కి లాగినట్టుండేది. రాత్రి కలలు తెల్లారినా వదిలేవి కావు. వయసు అనుకుంది. అలసట అనుకుంది. ఒక మధ్యాహ్నం సొంత ఇంటి వీధి పేరు ఆటోవాడికి చెప్పలేక తెల్లమొహం వేసినప్పుడు భయం వేసింది. తలకు స్కాను తీయించుకుంది. ఏమీ లేదన్నారు.

ఇంకేమి మిగిలిందో ఆమెకు తెలుసు. తెలిసినా కొన్నాళ్ళు ఆ పని చేయలేదు. ఒక ఉదయం, ఇంకా ఎవరూ రాకముందే, ప్రయోగశాలలో తన వేలి చివర రక్తం చుక్క తీసి, బోయీలు ఉంటే వెలిగే ద్రవంలో వేసింది. నల్లతెర దించి చూసింది. గొట్టం నిండా లేత ఆకుపచ్చ వెలుగు. రోగుల రక్తంలో ఆ వెలుగు కనబడినప్పుడల్లా ఆ గదిలో అందరూ చప్పట్లు కొట్టేవారు. ఇప్పుడు ఆమె ఒక్కతే ఆ గొట్టం కడిగి బోర్లించింది.

హేమసుందరిది లయ తప్పే గుండె. దాన్ని దారిలో పెట్టడానికి ఏళ్ళుగా రోజూ ఒక చిన్న మాత్ర వేసుకుంటుంది. మెదడు గోడ ఆ మాత్రను ఎప్పుడూ లోపలికి రానివ్వలేదు. ఇప్పుడు తన బోయీలే తన మందును భుజాన వేసుకుని, ఉండకూడని చోటికి రోజూ మోసుకుపోతున్నాయి.

బోయీలను ఒంట్లోంచి కరిగించే మందూ ఆమె దగ్గరే ఉంది. వేసుకుంటే నాలుగు రోజుల్లో తాను మామూలవుతుంది. ఎవరికీ తెలియదు. కాని చెబితే? బోయీలు ఒకరి నుంచి ఒకరికి పాకుతున్నాయని తెలిసిన రోజున ప్రయోగం ఆగిపోతుంది. రోగులందరికీ ఆ కరిగించే మందే ఇస్తారు. అప్ప చెయ్యి మళ్ళీ గాలిలో ఆగిపోతుంది.

ఆమె చెప్పలేదు. కరిగించే మందూ వేసుకోకుండా, వారం రోజులు మనసును పిడికిట్లో పెట్టుకుని తిరిగింది. "జీడి తిందామే" అంటే పళ్ళు నొప్పన్నది.

"ఏటయిందే నీకు?" అంది పైడిరత్నం. "నాకు మాటొచ్చింది, నీకు పోయినాదేటి?"

"పని ఒత్తిడి అప్పా."

"పనా? నేను ఎక్స్‌ప్రెస్ బస్సులో మూడు షిఫ్టులు చేసినప్పుడు కూడా ఇలగ మొహం ఏలాడేసుకోలేదు."

వారం దాటాక పాలకొండ నుంచి ఫోను వచ్చింది. ప్రయోగంలో ఉన్న ఒక పెద్దావిడ కొడుకు. అమ్మ బాగుందండీ, పొలం గట్టు మీద కూడా నడుస్తోందండీ అని చెప్పి, చివర కొంచెం మొహమాటంగా అడిగాడు.

"మా అమ్మాయి సంగతండీ, మేడమ్. టెన్తు చదువుతోంది. దానికి దుమ్ము పడదు, తుమ్ములకి మాత్రేస్తాం. ఇప్పుడది క్లాసులో నిద్రపోతున్నాదంట. నిన్న మెట్ల మీంచి పడిపోయింది. మా అమ్మ జబ్బేమన్నా అంటుకుంటాదా మేడమ్?"

"జబ్బు అంటుకోదు," అంది హేమసుందరి. అని, ఆగి, అడిగింది. "వాళ్ళిద్దరూ కలిసి ఏమైనా తింటారా?"

"అబ్బే, ఎంగిలి ముట్టనివ్వమండీ. మీరు చెప్పినారు కదా." అతను నవ్వాడు. "ఏదో కాకెంగిలి తప్ప. మా అమ్మకి అదొక సరదా."

"ఆ మాత్ర ఇవాళే మానిపించండి. పిల్లని తీసుకుని వెంటనే బయలుదేరండి," అని ఆమె ఫోను పెట్టేసింది. పెట్టేశాక కూడా చెయ్యి దాని మీదే ఉంది. పాతిక ఇళ్ళు. పాతిక ఇళ్ళలోనూ కంచాలు వేరుగా తోముతున్నారు. పాతిక ఇళ్ళలోనూ పమిటచెంగులున్నాయి.

ఆమె నేరుగా కృపానందం గదిలోకి వెళ్ళి మొత్తం చెప్పింది. ఆయన మధ్యలో ఒక్కసారి మాత్రం, "మీరు కూడానా హేమగారూ?" అన్నాడు.

"నేను కూడా."

"మీరే కదండీ ఎంగిలి వద్దని చెప్పింది."

"అది ఎంగిలి అనుకోలేదు," అంది ఆమె. ఆ గదిలో, ఆ యంత్రాల మధ్య, ఆ జవాబు ఎంత చిన్నపిల్ల జవాబో ఆమెకే వినబడింది. కాని అంతకన్న నిజమైన జవాబు ఇంకొకటి లేదు.

పాలకొండ పిల్లకు కరిగించే మందు ఇచ్చారు, కోలుకుంది. ఇంకో ఆరు ఇళ్ళలో బోయీలు బయటపడ్డాయి. ప్రాణం మీదికి ఎవరికీ రాలేదు. వచ్చేదే, ఇంకొన్నాళ్ళు ఆగితే. ప్రభుత్వం ప్రయోగాన్ని మూసేసింది, బోయీల తయారీతోపాటు మందు తయారీ కూడా ఆపించింది. రోగులకు రెండు దారులు చూపించింది. కరిగించే మందు వేయించుకుని ఇంటికి పోవచ్చు. బోయీలను అట్టే ఉంచుకుంటామంటే, భీమిలి దారిలో సంస్థకున్న పాత క్వార్టర్సులో ఉండాలి. బోయీలున్న మనిషి తప్ప ఇంకొకరు ఆ గేటు లోపల కాపురం ఉండకూడదు. ముసుగూ చేతితొడుగులూ ఉన్న నర్సులు వస్తారు, పోతారు. బోయీలు బయటికి రాకుండా కొత్తరకం కనిపెట్టేదాకా ఇదే. అది ఎన్నేళ్ళో ఎవరూ మాట ఇవ్వలేదు.

ఆ కాగితం అందిన సాయంత్రం హేమసుందరి అప్ప ఎదురుగా కూర్చుని అంతా వివరించింది. పైడిరత్నం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. చేతులు ఆపకుండా వింది.

"చెప్పీసినావా మొత్తానికి," అంది. "మంచిపని చేసినావు. ఆ పిల్ల మెట్ల మీదే కాబట్టి సరిపోయింది, ఏ నూతి దగ్గరో పడుంటే?"

"నేను కూడా క్వార్టర్సుకు వచ్చేస్తాను అప్పా. నా ఒంట్లోనూ బోయీలున్నాయి. నన్ను ఆపరు. ఇద్దరం ఉండొచ్చు."

"మరి నీ గుండె మాత్రో?"

"మానేస్తాను."

"వేరే మాత్ర లేదేటి?"

"నాకు పడిందల్లా ఇదొక్కటే."

పైడిరత్నం చేతిలోని కాయను పళ్ళెంలో పడేసింది. "నీ గుండె ఆగిపోతే, పక్కన మెలకువగా కూకుని నేను చూడాలి. అందుకేనా నన్ను లేపినావు? చాల్లే. ఆ కరిగించే మందేదో రేపే యేయించుకో."

"అయితే నువ్వూ వేయించుకుని ఇంటికొచ్చేయ్." హేమసుందరి అప్ప మోకాలు పట్టుకుంది. "నేను చూసుకుంటాను. ముందు చూసుకోలేదా? అలాగే చూసుకుంటాను."

పైడిరత్నం పళ్ళెం పక్కకు జరిపింది.

"ఒక మాట చెప్తాను, ఏడవకు," అంది. "నువ్వు నన్ను బంగారంలాగ చూసినావు. ఒంటి మీద పుండు పడనివ్వలేదు. ఏ కన్నకూతురూ చెయ్యదు. కానీ గుంటా, ఆ ఇంట్లో నా అంత ఒంటరి మనిషి లేదే."

"నేను పక్కనే ఉన్నాను కదా అప్పా!"

"ఉన్నావు. ఆఫీసు నించొచ్చి, నా మంచం పట్టి మీదే కూకుని, ఫోన్లో ఎవలెవలితోనో నవ్వీదానివి. అది కట్టేసి నాకేసి తిరిగితే, 'నోరు తెరు, మింగు, పడుకో.' ఇవే మాటలు. ఎన్నేళ్ళు? ఇయ్యాల ఎండెక్కువుందనైనా చెప్పలేదు. కూర మాడిందనైనా చెప్పలేదు." ఆమె చెల్లెలి మొహంలోకి చూసింది. "అమ్మ పోయింది. నువ్వు నాకు చెప్పినావా? గుమ్మంలో పక్కింటావిడతో చెప్తుంటే విన్నాను. దీపం పెట్టిన వాసనొచ్చింది. జనం వచ్చినారు, మోసుకుపోయినారు. నా గది తలుపు దగ్గరగా ఏసీసినారు, నాకేటి తెలుస్తాదనీసి. లోపల నేను పెట్టిన గావుకేకలు ఎవలికీ వినబడలేదు."

మంచం మీద ఉన్నన్నాళ్ళూ అప్ప వింటోందో లేదో పరికరాలు చెప్పలేకపోయాయి. చెప్పలేదు గనక వినడంలేదనే హేమసుందరి అనుకుంది. అలా అనుకోవడమే తేలిక.

"కోపమా అప్పా?"

"కోపమైతే ఇప్పుడా చెప్తాను? మాటొచ్చిన రోజే దులిపీకపోదునా." పైడిరత్నం మళ్ళీ కాయ చేతిలోకి తీసుకుంది. "నన్ను మళ్ళీ ఆ మంచం మీదకి పిలవకు. అంతే. గేటు లోపలైనా నోరుంటాది కదా నాకు. పొద్దున్నే ఎవలితోనో ఒకలితో దెబ్బలాడుకుంటాను. నువ్వు బయటుండు. నీకు గుండెకాయుంటాది, నాకు నోరుంటాది. ఎవలిది వాళ్ళకి దక్కనీ."

హేమసుందరి బతిమాలింది. రాత్రి భోజనం మానేసి మరీ బతిమాలింది. పైడిరత్నం చిక్కుడుకాయ కూర వండి, తన కంచంలో తాను వడ్డించుకుని తింది.

కరిగించే మందు వేసుకున్నాక హేమసుందరికి నాలుగు రోజులు జ్వరం వచ్చింది. ఆ తరువాత మాట చురుగ్గా వచ్చింది, వీధుల పేర్లన్నీ తిరిగి వచ్చాయి. ఆమె లేచి తిరిగేసరికి పైడిరత్నం పెట్టె సర్దుకుంది. క్వార్టర్సు గేటు దగ్గర అధికారి ఒకడు దగ్గరగా నిలబడవద్దన్నాడు. అప్పాచెల్లెళ్ళిద్దరూ చెరో పక్కన నిలబడ్డారు. ముట్టుకోవడంలో ప్రమాదం లేదని హేమసుందరికి అందరికన్న బాగా తెలుసు. ఆ మాట అధికారికి చెప్పింది కూడా. రూలమ్మా, అన్నాడు అతను. ఎంగిలి వద్దని తాను చెప్పినప్పుడు జనం తల ఊపినట్టే ఆమె తల ఊపి నిలబడింది.

"ఎండలో నించోకు, పో," అని పైడిరత్నం లోపలికి నడిచింది. తిరిగి చూడలేదు. ఆమె అటు నడుస్తుంటే నడక ఎంత బాగుందో హేమసుందరి చూసింది. కొంచెం ఊగుతూ, కదిలే బస్సులో నడిచినట్టు. ఆ నడక చూడటం కోసమే ఎన్నేళ్ళు పనిచేసిందో, దాన్ని ఇలా వెనక నుంచి చూడవలసి వచ్చింది.

తయారీ ఆగిపోయింది గనక మందు నిల్వ పొదుపుగా వాడాలన్నారు. క్వార్టర్సులో రోజుకు ఒకటే మాత్ర, అది ఉదయం. సాయంత్రానికి దాని బలం అయిపోతుంది. దీపాలు పెట్టే వేళకు అక్కడ ఒక్కొక్కరే మంచాల మీద బిగుసుకుపోతారు. పొద్దున్న మాత్ర దాకా అంతే.

పైడిరత్నం రోజూ సాయంత్రం, మాట కట్టేసే ముందు ఫోను చేసేది. ఆమె మాట్లాడితే హేమసుందరి వినేది. పక్కగదిలో రిటైరైన తహసీల్దారుతో టీవీ కోసం తగవు. పాలకొండ పెద్దావిడ కూడా అక్కడికే వచ్చేసిందట, మనవరాలు గేటు బయట నిలబడి పరీక్ష మార్కులు అరిచి చెప్పిందట. వంటవాడికి చారు పెట్టడం రాదట. హేమసుందరి ఊ కొడుతూ ఆ మాటల వెంట ఇల్లంతా తిరిగేది. మాట ఆగాక ఫోను బల్ల మీద పెట్టి, ఒక్కతీ కూర్చునేది. ఇంట్లో ఒకటే కంచం. సాయంత్రం అయితే ఆ ఇల్లు ఎంత పెద్దదో తెలిసేది.

ఒకనాడు పైడిరత్నం మాట మామూలుకన్న ముందే బరువెక్కింది.

"గుంటా, నా పని అయిపోయేలాగుంది. ఇయ్యాల నువ్వు చెప్పు."

"ఏం చెప్పను అప్పా? ఇవాళ ఏమీ జరగలేదు."

"ఆ జరగందే చెప్పు. ఫోను నా చెవి దగ్గర పెట్టమని... నర్సమ్మకి చెప్పినాను. తీయదు. నేను వింటా..."

మాట అక్కడ ఆగిపోయింది. హేమసుందరి "అప్పా" అంది. జవాబు లేదు. చెవికి గట్టిగా ఆనించుకుంటే ఊపిరి వినబడింది. మెల్లగా, సమంగా. ఆ ఊపిరి పక్కనే తాను ఏళ్ళ తరబడి పడుకుంది. దాని వెనక ఒక మనిషి ఉందని ఆమె ఎన్నడూ చెవి పెట్టి వినలేదు.

ఆమె నేల మీద కూర్చుంది. గోడకు వీపు ఆనించింది. పాలు పొంగిపోయిన సంగతి చెప్పింది. లిఫ్టు పాడైతే మెట్లెక్కిన సంగతి, ఎదురింటివాళ్ళు గుమ్మానికి పసుపురంగు వేయించిన సంగతి చెప్పింది. ఎండ ఎక్కువగా ఉందని చెప్పింది. చెప్పిన ప్రతి మాటకూ అవతల అదే ఊపిరి. అడ్డు చెప్పదు, నవ్వదు. అయినా చెప్పింది. కొంతసేపటికి చెప్పడానికి చిన్న సంగతులన్నీ అయిపోయాయి.

"అప్పా," అంది హేమసుందరి, గొంతు సవరించుకుని. "అమ్మ పోయిన రోజు సంగతి నీకు నేను చెప్పలేదు కదా. ఇప్పుడు చెబుతాను, విను. ఆ రోజు ఆదివారం. తెల్లవారుజామున వాన కురిసి వెలిసింది. అమ్మ లేస్తూనే, రత్నాలు లేచిందా అని అడిగింది..."